దాత ఆశయమెరిగిన విద్యార్థి

విదేశములకేగి పై చదువులు చదువవలెనన్న కోరిక మన మధ్యతరగతి గృహములలో తలయెత్తిన నాడే పొలమునకు వెల కట్టుటయు, ఇంటి దస్తావేజులు బ్యాంకు మేనేజరు బల్లమీదికి చేరుటయు జరుగుచున్నవి. ప్రవేశపత్రము రాకమునుపే తండ్రి పదేండ్ల వడ్డీని లెక్కగట్టును. తల్లి నగల పెట్టె తెరచి చూచుకొనును. ఇంతటి త్యాగమునకు వెనుదీయని ఆ కుటుంబములోనే, అప్పుచేయకుండ ఆ చదువు చదువు మార్గమేదైన ఉన్నదా యని నెలదినములు నిలకడగా కూర్చుండి వెదకినవారు మిక్కిలి అరుదు. స్కాలర్‌షిప్పులు అసాధారణ మేధావులకు మాత్రమే దక్కునన్న నమ్మకమో, అవి పలుకుబడి గలవారికే పోవునన్న అనుమానమో ఆ వెదకులాటను మొదటనే ఆపివేయుచున్నది. ఈ రెంటిని పోగొట్టి, పోస్టుగ్రాడ్యుయేటు చదువునకును పరిశోధనకును పూర్తి ధనసహాయము సంపాదించు క్రమమును వివరించుటయే ఈ అధ్యాయము ఉద్దేశము.

ఇందలి ప్రధానసూత్ర మొక్కటే. ప్రతి విద్యార్థివేతనము వెనుకను ఒక దాత యుండును. ప్రతి దాతకును ఒక ఆశయ ముండును. ప్రభుత్వముగాని, విశ్వవిద్యాలయముగాని, ధర్మనిధిగాని తాను సాధింపగోరిన కార్యమొకటి మనసున నుంచుకొని, దానికి తగిన మనుష్యుని వెదకుచు ఈ ధనమును వెచ్చించుచున్నది. ఆ కార్యమేదో ముందుగా తెలిసికొని, తన చదువును, అనుభవమును, సంకల్పమును దానితో సరిచూచుకొన్నవాడు మార్కులలో తనను మించినవారిని కూడ దాటిపోవుట కలదు. దాత ఆశయ మెరుగక, ఒకే దరఖాస్తును ఇరువదిచోట్లకు పంపినవాడు ఎంతటి ప్రతిభావంతుడైనను ఇరువదిచోట్ల నుండియు నిరాకరణము పొందుట వింతకాదు.

మన పూర్వులు పోయిన దారి

ఈ సూత్రము నేటిది కాదు. 1892లో జంషెట్జీ నసర్వాంజీ టాటా నెలకొల్పిన నిధి, భారతీయులు విదేశములలో ఉన్నతవిద్య నభ్యసించి దేశాభ్యుదయమునకు తోడ్పడవలెనన్న సంకల్పముతో పుట్టినది. అది నేటికిని తక్కువ భారముతో రుణరూప విద్యార్థివేతనములను ఇచ్చుచున్నది. 1913లో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడు భీమరావు అంబేడ్కరునకు నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున మూడు సంవత్సరములు వేతనమిచ్చి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. చదువు ముగిసిన పిమ్మట బరోడా సంస్థానమున పది సంవత్సరములు కొలువు చేయవలెనన్న ఒడంబడిక దానికి జతపడి యుండెను. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఉష్ణమండల వైద్యము నభ్యసింప బయలుదేరినపుడు, మామగారి ధనసహాయముతోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి చూపిన ఆదరణయు ఆయనకు ఊతమైనది. ఈ మూడింటిలోను దాతకు ఒక ఉద్దేశమున్నది. గ్రహీతకు ఒక బాధ్యత ఉన్నది. ఆ ఉద్దేశమును, ఆ బాధ్యతను నేటి ప్రకటనలలో చదువనేర్చుటయే మొదటి విద్య.

ప్రభుత్వములు ఏమి కోరుచున్నవి?

అమెరికా, భారత ప్రభుత్వముల నడుమ 1950 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందమునుండి వచ్చినది ఫుల్‌బ్రైటు కార్యక్రమము. 2008 తరువాత ఉభయప్రభుత్వములును ధనము పంచుకొనుచుండగా దానికి ఫుల్‌బ్రైటు–నెహ్రూ అను పేరు స్థిరపడినది. దాని ఆశయము రెండు దేశముల ప్రజల నడుమ పరస్పరావగాహన. కావుననే మాస్టర్సు ఫెలోషిప్పునకు కనీసము మూడు సంవత్సరముల ఉద్యోగానుభవమును, నాయకత్వ లక్షణమును, తిరిగివచ్చి స్వదేశమునకు సేవచేయు సంకల్పమును అడుగుదురు. ప్రజారోగ్యము, నగరప్రణాళిక, ప్రజాపరిపాలనము వంటి రంగములకు పెద్దపీట వేయుదురు. కంప్యూటరు సైన్సులో ఎం.యస్. చేసి అచటనే ఉద్యోగమున స్థిరపడదలచిన యువకుడు దీనికి దరఖాస్తు పెట్టుట కాలవ్యయము. అయితే భారతదేశమున పీహెచ్.డి.కి నమోదు చేసుకొని, ఆరునుండి తొమ్మిది నెలలపాటు అమెరికా ప్రయోగశాలలోగాని గ్రంథాలయములోగాని పనిచేయదలచిన పరిశోధకునికి ఫుల్‌బ్రైటు–నెహ్రూ కార్యక్రమమే ఇచ్చు డాక్టొరల్ ఫెలోషిప్పు సరిగా సరిపడును.

బ్రిటిషు ప్రభుత్వము 1983నుండి ఇచ్చుచున్న చీవెనింగు విద్యార్థివేతనము ఒక సంవత్సరపు మాస్టర్సు చదువునకు పరిమితము. రేపటి నాయకులతో, నిర్ణయకర్తలతో చిరకాలసంబంధము నిలుపుకొనుట దాని ఆశయము. అందుచేత రెండు సంవత్సరముల ఉద్యోగానుభవమును, చదువు ముగిసిన పిదప రెండు సంవత్సరములు స్వదేశమున నుండుటయు విధింపబడినవి. అదే దేశమునుండి వచ్చు కామన్‌వెల్తు విద్యార్థివేతనముల ఆశయము వేరు: వర్ధమానదేశముల అభివృద్ధి. అందులో ఒక తరగతి, ఈ సహాయము లేనియెడల బ్రిటనులో చదువజాలనివారి కొరకే ఏర్పడినది. చీవెనింగు దరఖాస్తులో నాయకత్వమును చూపవలెను. కామన్‌వెల్తు దరఖాస్తులో మన చదువువలన ఏ గ్రామమునకు, ఏ వృత్తివారికి, ఏ విధమైన మేలు కలుగునో చూపవలెను. ఒకే వ్యాసమును రెంటికిని పంపినవాడు రెండింటిలోను సగమే పలికినవాడగును.

1925లో మొలకెత్తిన జర్మను విద్యావినిమయ సంస్థ, అనగా డాడ్, అభివృద్ధికి సంబంధించిన పోస్టుగ్రాడ్యుయేటు కోర్సుల కొరకు ప్రత్యేకముగా వేతనము లిచ్చుచున్నది; అందుకు రెండు సంవత్సరముల వృత్తి అనుభవము కావలెను, చివరి పట్టా పొంది ఆరు సంవత్సరములు దాటరాదు. ఐరోపా సమాఖ్య నడపు ఎరాస్మస్ ముండస్ సంయుక్త మాస్టర్సులో విద్యార్థి కనీసము రెండు దేశములలో చదువును. ఎంపికైనవారికి ఫీజు లేకుండుటయే గాక నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠముగా ఇరువదినాలుగు నెలలు భృతి లభించును. దీనికి ఉద్యోగానుభవము సాధారణముగా తప్పనిసరి కాదు గనుక, డిగ్రీ చివరి సంవత్సరమున నున్నవారు మొదట చూడదగిన ద్వార మిది. జపాను ప్రభుత్వము మెక్స్టు పేర 1954నుండి ఇచ్చుచున్న పరిశోధక విద్యార్థివేతనమునకు రాయబార కార్యాలయము ద్వారా ఒక దారి, జపాను విశ్వవిద్యాలయముల సిఫారసు ద్వారా మరియొక దారి కలవు. అచట ప్రొఫెసరు అంగీకారము మిక్కిలి విలువైనది.

విశ్వవిద్యాలయములకు చేరిన నిధులలో ఆక్స్‌ఫర్డు రోడ్సు విద్యార్థివేతనము 1947నుండి భారతీయులకు లభ్యమగుచున్నది. 2000లో ఇరువదియొక్క కోట్ల డాలర్ల విరాళముతో కేంబ్రిడ్జిలో నెలకొన్న గేట్సు నిధి, ప్రతిభతోపాటు పరుల జీవితములను మెరుగుపరచు నిష్ఠను స్పష్టముగా కోరుచున్నది. ఇన్లాక్సు వంటి భారతీయ నిధులును కలవు. ఒక్కొక్కదాని నియమావళిని ఆ సంవత్సరపు ప్రకటనలోనే చదువవలెను. నియమములు, గడువులు, కొన్నిచోట్ల దేశముల జాబితాలు కూడ ఏటేట మారుచుండును.

పరిశోధనకు వచ్చువాడు ఉద్యోగి

విద్యార్థివేతనములను గూర్చి మాటలాడునపుడు పైన చెప్పిన పేరుగల నిధులే అందరి నోట వినబడును. కాని విదేశములలో పరిశోధన చేయు భారతీయులలో అధికులను పోషించుచున్నది అవి కావు. విశ్వవిద్యాలయ శాఖలును, ప్రొఫెసర్ల పరిశోధననిధులును. ఈ విషయమెరుగక మన పిల్లలు ఎంతమందియో అప్పుల పాలగుచున్నారు.

అమెరికాలో మాస్టర్సు విద్యార్థికి పూర్తి సహాయము దొరకుట కష్టము. విజ్ఞానశాస్త్రములలోను, ఇంజనీరింగులోను పీహెచ్.డి. విద్యార్థికి సహాయము లభించుట సాధారణము. శాఖ అతనిని బోధనసహాయకునిగానో, పరిశోధనసహాయకునిగానో నియమించి, ఫీజు మినహాయించి, నెలనెల జీతమిచ్చును. నాలుగేండ్ల బీ.టెక్. చదివినవాడు మాస్టర్సు లేకుండగనే ఈ పీహెచ్.డి.కి నేరుగా దరఖాస్తు పెట్టుకొనవచ్చునన్న సంగతి మన ఇంజనీరింగు కళాశాలలలో అనేకులకు తెలియదు. పరిశోధనయందు నిజమైన అభిరుచి గలవాడు అప్పుచేసి ఎం.యస్.కు పోవుటకు ముందు ఈ దారిని తప్పక పరిశీలింపవలెను. అభిరుచి లేనివాడు మాత్రము జీతము కొరకే దీనిలో ప్రవేశింపరాదు. ఐదారేండ్ల దీర్ఘవ్రతమును ఆసక్తి లేక నడుపుట దుస్సాధము.

ఐరోపాలో నెదర్లాండ్సు, స్వీడను, జర్మనీ వంటి దేశములలో డాక్టరేటు చేయువాడు పలుమార్లు ఉద్యోగిగనే లెక్కకు వచ్చును. ఆ స్థానములను ఉద్యోగప్రకటనల వలెనే ప్రకటింతురు, ఒప్పందము వ్రాయుదురు, జీతముపై పన్ను పట్టుదురు. ఐరోపా సమాఖ్య మేరీ క్యూరీ పేర నడపు డాక్టొరల్ నెట్‌వర్కులలో ఒక విచిత్రమైన నియమము కలదు: గడచిన ముప్పదియారు నెలలలో పండ్రెండు నెలలకు మించి ఆతిథేయదేశమున నివసించినవాడు ఆ దేశమున నియామకమునకు అనర్హుడు. పరిశోధకులను ఒక దేశమునుండి మరియొక దేశమునకు కదలించుటయే ఆ నిధి ఆశయము గనుక, స్వదేశమున నున్న మన విద్యార్థికి ఇది అడ్డుకాదు, అనుకూలము.

జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవరకు మాస్టర్సు విద్యార్థి ఫీజు చెల్లింపనక్కరలేదు. బాడెన్–వుర్టెంబెర్గు రాష్ట్రము మాత్రము ఐరోపా సమాఖ్యకు బయటివారినుండి సెమిస్టరునకు 1,500 యూరోలు గైకొనుచున్నది. ఫీజు లేకున్నను జీవనవ్యయము తప్పదు. ఆ వ్యయమునకు తగిన ధనము ముందుగా బ్లాక్డ్ అకౌంటులో చూపుటయు, భారతీయులు తమ విద్యార్హతలను నిర్ధారించు ఏ.పీ.యస్. ధ్రువపత్రము పొందుటయు వీసాకు అవసరములు. ఈ ఖర్చులను తొలినాడే లెక్కలో వేసికొనవలెను.

స్వదేశపు సహాయము

దూరపు నిధులను వెదకుచు దగ్గరనున్నవాటిని మరచుట తగదు. కేంద్రప్రభుత్వ సామాజికన్యాయ శాఖ నడపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు, షెడ్యూల్డు కులముల, సంచారజాతుల విద్యార్థులకును, భూమిలేని వ్యవసాయకూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి బిడ్డలకును మాస్టర్సు, పీహెచ్.డి. చదువుల ఖర్చు భరించుచున్నది. తెలంగాణ ప్రభుత్వము అంబేడ్కర్ విద్యానిధి పేర దళిత గిరిజన విద్యార్థులకును, జ్యోతిబా ఫూలే పేర వెనుకబడిన తరగతులవారికిని ఇరువది లక్షల రూపాయల వరకు సహాయము నేర్పాటు చేసినది. వీటి దరఖాస్తులు తిరస్కృతమగుటకు సాధారణ కారణము ప్రతిభాలోపము కాదు. గడువుదాటిన ఆదాయ ధ్రువపత్రము, సర్టిఫికెట్లలో ఒక్కొక్కచోట ఒక్కొక్కరీతిగా నున్న ఇంటిపేరు, పాస్‌పోర్టులో వేరుగా నున్న అక్షరక్రమము. మీసేవలో కాగితములు తెచ్చుకొనుటకును, పేర్లు సవరించుకొనుటకును మూడుమాసముల వ్యవధి ముందే కేటాయింపవలెను.

పదునెనిమిది మాసముల పంచాంగము

చదువు ప్రారంభమగు సెప్టెంబరునకు పదునెనిమిది మాసములు ముందు, అనగా అంతకు ముందటి సంవత్సరపు మార్చిలో, పని మొదలుపెట్టుట ఉత్తమము. ఒక నోటుబుక్కు తెరచి, పుటకొక నిధి చొప్పున ఐదు విషయములు వ్రాయవలెను: దాత ఎవరు, ఆశయమేమి, అర్హతలేవి, గడువెప్పుడు, ఆ ఆశయమునకు సరిపడునట్టి నా జీవితములోని నిదర్శనమేమి. ఐదవ గడి ఖాళీగా మిగిలిన నిధిని నిస్సంకోచముగా కొట్టివేయవలెను. నలుబది పేర్లతో మొదలైన ఆ పట్టిక చివరకు ఏడెనిమిదింటికి కుదించుకొనిపోయినచో దిగులుపడనక్కరలేదు; శ్రద్ధతో వ్రాయగలిగినది అంతమాత్రమే.

వేసవిలో ఆంగ్లభాషాపరీక్షయు, అవసరమైన చోట జీ.ఆర్.ఈ.యు ముగింపవలెను. జపాను రాయబార కార్యాలయపు ప్రకటన సాధారణముగా ఏప్రిలు, మే మాసములలో వెలువడును. చీవెనింగు ద్వారము ఆగస్టు ప్రాంతమున తెరచుకొనును. ఎరాస్మస్ కోర్సుల గడువులు చాలవరకు అక్టోబరునుండి జనవరి వరకు ముగియును, అమెరికా పీహెచ్.డి. గడువులు అధికముగా డిసెంబరులో. కావున ప్రొఫెసర్లకు లేఖలు వ్రాయుటకు ఆగస్టు, సెప్టెంబరు మాసములు అనువైనవి.

లేఖయు, సంకల్పపత్రమును

ప్రొఫెసరునకు వ్రాయు తొలిలేఖ ఐదువాక్యములకు మించరాదు. ఒక ఉదాహరణము తీసికొందము. 2021లో గుంటూరు, ఖమ్మము ప్రాంతముల మిరపతోటలను నల్లతామరపురుగు పాడుచేసిన సంగతి రైతుబిడ్డలందరు ఎరిగినదే. ఆ ప్రాంతమునుండి వచ్చి కీటకశాస్త్రమున ఎం.యస్సీ. చేయుచున్న విద్యార్థిని యొకతె విదేశమునందలి ప్రొఫెసరునకు వ్రాయుచున్నదనుకొందము. ఆంగ్లమున ఆమె వ్రాయవలసిన లేఖ తాత్పర్యమిది:

"ప్రొఫెసరుగారికి నమస్కారములు. నేను కీటకశాస్త్రమున ఎం.యస్సీ. పూర్తిచేయుచున్నాను. మిరపపూతను ఆశించు నల్లతామరపురుగు మా ప్రాంతపు తోటలలో ఏయే మందులకు లొంగుటలేదో పరీక్షించి థీసిస్ వ్రాసితిని. పురుగుల నిరోధశక్తిని జన్యుస్థాయిలో కొలుచుటకు మీరు ఇటీవలి వ్యాసమున చూపిన పద్ధతిని మా నమూనాలకు అన్వయింపవచ్చునా యన్న ప్రశ్న నాకు మిగిలియున్నది. వచ్చు సంవత్సరము మీ ప్రయోగశాలలో వేతనముతో కూడిన డాక్టరేటు స్థానము కలదేమో తెలుపగోరుచు నా సీ.వీ.ని జతపరచుచున్నాను."

ఇందులో పొగడ్త లేదు, దైన్యము లేదు. తానెవరో, ఏమి చేసినదో, వారి పనిలో దేనిని చదివినదో, ఏమి అడుగుచున్నదో నాలుగును స్పష్టముగా ఉన్నవి. జవాబు రానియెడల రెండు వారముల పిమ్మట ఒకసారి వినయముగా జ్ఞాపకము చేయవచ్చును. అటుపై మరియొకరికి వ్రాయుటయే మర్యాద.

సంకల్పపత్రమున, అనగా స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పసున, కూడ ఇదే నియమము. చిన్ననాటినుండి విజ్ఞానశాస్త్రమనిన తనకు మక్కువ యని మొదలుపెట్టినవారు వేలమంది కలరు. నిర్ణేత ఆ వాక్యమును చదివి ఎవ్వరిని గుర్తుంచుకొనడు. ఎర్రబడవలసిన కాయ ముడుచుకొని రాలిపోయిన తోటలో రైతు వరుసగా ఎన్ని మందులు కొట్టెనో, వాటిలో ఏవి నిష్ఫలమయ్యెనో, ఆ కారణమును తెలిసికొనుటకు తన ఎం.యస్సీ. పరిజ్ఞానము ఎచట చాలకపోయెనో ఆమె వ్రాసినపుడు, ఆ చాలనిచోటనే పై చదువు ఆవశ్యకత తనంత తాను రుజువగును. మూడవ పేరాలో ఆ కోర్సునందలి ఏ పాఠము, ఏ ప్రయోగశాల ఆ లోటును తీర్చునో చెప్పవలెను. చివర, నేర్చినదానిని ఎచట, ఎవరితో కలిసి వినియోగింపదలచినదో చెప్పవలెను. ఈ చివరి భాగమే నిధిని బట్టి మారునది: డాడ్ సంస్థకు వ్రాసినపుడు రైతుల నష్టనివారణ ముందునకు వచ్చును, పరిశోధనస్థానమునకు వ్రాసినపుడు శాస్త్రప్రశ్న ముందునకు వచ్చును. సత్యమును మార్చుట లేదు. అదే సత్యమును దాత ఆశయమునకు ఎదురుగా నిలిపి చూపుచున్నాము.

సిఫారసులేఖలకు పదవి పెద్దదైన వారినికాక, మన పనిని దగ్గరనుండి చూచినవారిని అడుగవలెను. మనలను తరగతిలో ఒక్కమారైన చూడని ప్రిన్సిపాలుగారి నాలుగు పొగడ్తలకంటె, మన ప్రయోగము మూడుసార్లు విఫలమై నాలుగవసారి ఫలించుట చూచిన లెక్చరరుగారి ఒక్క సంఘటన విలువైనది. గడువునకు నెలరోజులు ముందే వారిని కలిసి, మార్కుల జాబితా, సంకల్పపత్రము, నిధి ఆశయము, మనము వారివద్ద చేసిన పని వివరములు ఒకే పుటపై అందించినచో వారికి వ్రాయుట సులభమగును. "నీవే వ్రాసి తీసుకురావోయి, సంతకము చేసెదను" అని కొందరు గురువులు ప్రేమతోనే అందురు. అపుడు వివరముల పుటను వారిముందుంచి, "మీ మాటలలో నాలుగు పంక్తులు చాలునండి" అని ప్రార్థించుట మేలు. ఒకే శైలిలో వచ్చిన మూడు లేఖలను నిర్ణేతలు సులభముగా పసిగట్టుదురు.

వచ్చిన పత్రమును చదువుట

సహాయపత్రము చేతికి వచ్చినంతనే సంబరపడక ఐదు ప్రశ్నలతో దానిని పరిశీలింపవలెను. ఫీజు మినహాయింపు పూర్తిగానా, కొంతమాత్రమేనా? జీతము తొమ్మిది నెలలకా, పండ్రెండు నెలలకా? ఆరోగ్యబీమాను ఎవరు చెల్లింతురు? మినహాయింపు పోను తప్పనిసరి రుసుములెన్ని మిగులును? సహాయము ఎన్ని సంవత్సరములకు, ఏ షరతుపై కొనసాగును? పదివేల డాలర్ల స్కాలర్‌షిప్పు అని పెద్ద అక్షరములతో వచ్చిన పత్రము నలుబదివేల డాలర్ల ఫీజుపై తగ్గింపు మాత్రమే కావచ్చును. మిగిలిన ముప్పదివేలు మన అప్పే. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయములు ఆమోదించిన ఒడంబడిక ప్రకారము, ఆర్థికసహాయముతో కూడిన ప్రవేశమునకు ఏప్రిలు 15 లోపల సమాధానమిమ్మని విద్యార్థిని నిర్బంధింపరాదు. తొందరపెట్టు ఉత్తరము వచ్చినపుడు ఈ సంగతిని మర్యాదగా ప్రస్తావించి వ్యవధి కోరవచ్చును.

స్కాలర్‌షిప్పు ఇప్పింతునని ముందుగా సొమ్మడుగువానిని నమ్మరాదు. కన్సల్టెన్సీలలో అనేకము విశ్వవిద్యాలయములనుండి కమీషను పొందునవి గనుక, ఫీజు చెల్లించు సీటును చూపుటలో వానికి గల ఉత్సాహము ఫీజులేని స్థానమును వెదకుటలో ఉండకపోవుట సహజము. ఆ వెదకులాట విద్యార్థియే స్వయముగా చేయదగినది. దానికి కావలసినవి ఇంటర్నెట్టు, నోటుబుక్కు, ఓర్పు.

మొదటి సంవత్సరము ఏదియు లభింపకపోవచ్చును. అట్టియెడ, ఏ నిధి ఏ అర్హతను కోరినదో పట్టిక చూచి, ఆ సంవత్సరమును ఆ అర్హత సంపాదించుటకు వినియోగింపవలెను: అనుభవము కోరినచో ఉద్యోగము, పరిశోధన కోరినచో ఒక ప్రయోగశాలలో ప్రాజెక్టు అసిస్టెంటు పని. రెండవమారు పంపిన దరఖాస్తులో ఆ సంవత్సరపు కృషి స్వయముగా సాక్ష్యమిచ్చును.

ఇక చివరిమాట. పరులధనముతో చదివినవాడు ఆ ధనమునకు జవాబుదారి. తిరిగివచ్చెదనని సంతకము చేసినవాడు తిరిగిరావలెను; పరిశోధన చేసెదనన్నవాడు దానిని నిష్ఠతో ముగింపవలెను. ఒక గ్రహీత మాటతప్పినపుడు ఆ తరువాత అదే ఊరినుండి, అదే కళాశాలనుండి దరఖాస్తు పెట్టువారిపై దాతకు నమ్మకము సన్నగిల్లును. మాట నిలుపుకొన్నవాడు తన సంకల్పపత్రమును, పట్టికను, ప్రొఫెసర్లకు వ్రాసిన లేఖలను తన కళాశాలలోని జూనియర్ల చేతికి అందించి, వారి దరఖాస్తులను చదివి దిద్దిపెట్టినచో, తనకు ముట్టిన సహాయము ఒక్క కుటుంబపు అప్పును తప్పించుటతో ఆగదు. నేటి విద్యార్థి మొదటి పని నోటుబుక్కులో తొలిపుట తెరచి, తనకు సరిపడునని తోచిన మూడు నిధుల ఆశయములను స్వంతమాటలలో వ్రాసికొనుట. ఆ పని వాయిదావేయదగినది కాదు. ఈ సాయంకాలమే మొదలుపెట్టవలెను.